డబుల్ పెట్టేస్తే పోలా?

"నంబర్ ఫీల్డేగా, డబుల్ పెట్టేస్తే పోలా!" మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో సగం మందికి డేటాబేస్ డిజైన్ ఈ ఒక్క ముక్కతో అయిపోతుంది. మిగతా సగం ఆ ముక్క కూడా అనరు. యాక్సెస్ తనంతట తాను లాంగ్ ఇంటిజర్ అని ఇస్తే దాన్నే ఉంచేసి ముందుకు పోతారు. ఈ రెండు రకాల వాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ఆ పేచీ గోదావరిఖని లెక్కల్లో పెట్టి చెప్తాను. హైటెక్ సిటీలో ఏసీ గదిలో కూర్చుని చెబితే ఇది బైట్ల గొడవలా వినిపిస్తుంది. బొగ్గుబాయి గేటు దగ్గర నిలబడి చెబితే కూలి గొడవ అని తెలుస్తుంది.

ముందే ఒక మాట. సింగరేణి కంపెనీకి తన పెద్ద సిస్టమ్‌లు తనకున్నాయి. వాటి జోలికి నేను పోవట్లేదు. నేను మాట్లాడేది కంపెనీ చుట్టూ అల్లుకుని బతికే చిన్నచిన్న ఆఫీసుల గురించి. లారీ కాంట్రాక్టర్లు, లేబర్ కాంట్రాక్టర్లు, కాంటా దగ్గర చీటీలు రాసే గుమస్తాలు, పరపతి సంఘాలు, చిట్టీల వాళ్ళు. రామగుండంలో అయినా, మందమర్రిలో అయినా, కొత్తగూడెంలో అయినా వీళ్ళ దగ్గర ఒరాకిల్ ఉండదు, డీబీఏ అనేవాడు అసలే ఉండడు. ఎప్పుడో ఎవరో ఇంజినీరింగ్ కుర్రాడు సెలవుల్లో వచ్చి చేసిపెట్టిపోయిన యాక్సెస్ ఫైలు ఒకటి ఉంటుంది. ఆ కుర్రాడు ఇప్పుడు మాదాపూర్‌లోనో డాలస్‌లోనో ఉంటాడు. ఫైలు మాత్రం ఊళ్ళోనే ఉండి ప్రతి నెలా జీతాలు కడుతూనే ఉంటుంది.

యాక్సెస్ పేరు వింటే మనవాళ్ళకి నవ్వొస్తుంది, నాకు తెలుసు. 1992లో వచ్చిన సరుకు, ఇంకా దాని గురించి ఏం రాస్తావ్ అంటారు. నవ్వేముందు ఒక్క సంగతి గమనించండి. యాక్సెస్‌లో బైట్ అన్నది ఎస్క్యూఎల్ సర్వర్‌లో టైనీఇంట్. అదే 0 నుంచి 255. లాంగ్ ఇంటిజర్ అన్నది ఇంట్. డబుల్ అన్నది ఫ్లోట్. కరెన్సీ అన్నది మనీ. పేర్లు మారాయి గానీ గుంతలు అవే. రేపు ఆ ఫైలుని పెద్ద సర్వర్‌కి ఎక్కించినా, డబుల్‌గా పెట్టిన కూలి ఫ్లోట్‌గా పైకి పోతుంది. పునాదిలో వంకర ఉంటే రెండో అంతస్తు వేసినంత మాత్రాన అది సరికాదు.

నా వాదన చాలా చిన్నది. ఒక గడిలో అంకెలు పడతాయంటే అవి మూడింట్లో ఒకటి అయి ఉంటాయి. ఎంచేవి, కొలిచేవి, పిలిచేవి. మస్టర్లు ఎంచుతాం. బొగ్గు బరువు కొలుస్తాం. ఎంప్లాయీ కోడ్‌తో మనిషిని పిలుస్తాం. టైప్ ఎంచుకోవడమంటే ఈ మూడింట్లో ఏదో తేల్చుకోవడం, ఆ తర్వాత అది ఎంత దూరం పెరగగలదో అడగడం. ఎన్ని బైట్లు మిగిలాయి అన్నది చిట్టచివరి ప్రశ్న. మనవాళ్ళు చివరి ప్రశ్నతో మొదలుపెడతారు, లేదా ఏ ప్రశ్నా వేసుకోరు.

ఒక్కో టైపే తీసుకుందాం.

ముందు బైట్. 0 నుంచి 255 దాకా పడుతుంది. ఏడాది మొత్తం మస్టర్లు రాసే గడికి ఇది పెట్టిన ఫైలు నేను చూశాను. అలా పెట్టడం వెనకున్న తర్కం కూడా ఊహించగలను. 1952 గనుల చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేసేవాళ్ళకి ఏడాదికి 190 హాజర్లు, మిగతావాళ్ళకి 240 హాజర్లు ఉంటే ఆ ఏడాది సర్వీసు పూర్తయినట్టు లెక్క వేసేవాళ్ళు. ఆ చట్టం ఉన్నన్నాళ్ళూ జీతంతో కూడిన సెలవుకి అదే కొలబద్దగా ఉండేది. 190 పట్టింది, 240 కూడా పట్టింది, ఇంకేం కావాలి!

కావలసింది ఏంటంటే, 240 అన్నది కనీసం అని గుర్తుండటం. ఏడాదిలో 52 ఆదివారాలు తీసేస్తే 313 రోజులు మిగులుతాయి. ప్లేడేలు కూడా చేసేవాడికి ఇంకా ఎక్కువ పడతాయి. ఇప్పుడు ఈ బైట్ గడి ఎవరి దగ్గర తెగుతుందో చూడండి. నెలకి పది నాగాలు పెట్టేవాడికి ఏ ఇబ్బందీ లేదు, వాడి లెక్క చక్కగా పడుతుంది. వానొచ్చినా జ్వరమొచ్చినా బాయిలోకి దిగిన మనిషికే 256వ మస్టర్ దగ్గర చోటు చాలదు. ఎక్కువ పనిచేసినవాడికి శిక్ష వేసే నియమం ఏ మేనేజ్‌మెంటూ కాగితం మీద రాయదు. మనం మాత్రం టేబుల్ డిజైన్‌లో రాసేస్తాం.

చోటు చాలనప్పుడు ఏమవుతుంది? చేత్తో టైప్ చేస్తే యాక్సెస్ ఒప్పుకోదు. అది మంచిదే, గుమస్తాకి అనుమానమైనా వస్తుంది. ఎక్సెల్ షీట్ నుంచి అపెండ్ క్వెరీతో వందల వరసలు ఒకేసారి పోసినప్పుడు కథ వేరు. టైప్ కుదరని ఫీల్డులని నల్ చేస్తున్నాను, కానివ్వనా అని ఒక పెట్టె అడుగుతుంది. తొందరలో ఎస్ కొడతారు. అసలా పెట్టె కనిపించకుండా కోడ్‌లో సెట్‌వార్నింగ్స్ ఫాల్స్ అని ముందే రాసిపెట్టే మహానుభావులు మనలో బోలెడు మంది. ఆ తర్వాత సమ్ ఫంక్షన్ ఖాళీ గడులని పట్టించుకోకుండా మిగతావి కూడేస్తుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. కౌంటర్ దగ్గరికొచ్చి "ఏం సార్, ఏడాదంత బాయిల దిగిన, నా మస్టర్లు యాడికి పోయినయ్?" అని ఆ మనిషి అడిగేదాకా ఎవరికీ తెలియదు. అడిగినా "కంప్యూటర్లో లేదు" అంటారు. కంప్యూటర్ అన్నాక ఇంక మాటేముంది.

మస్టర్ లెక్క సింగరేణి బెల్టులో అలంకారానికి రాసుకునేది కాదండీ. కంపెనీ లాభాల్లో కార్మికులకి వాటా ఇచ్చే పద్ధతి 1999-2000 నాటి నుంచి ఉంది. 2023-24 సంవత్సరానికి 33 శాతం అని 2024 సెప్టెంబర్‌లో ప్రకటించారు. 796 కోట్ల రూపాయలు, 41 వేల పైచిలుకు మందికి. కాంట్రాక్టు కార్మికులకి కూడా తలా 5,000 ఇస్తామన్నారు, మొదటిసారిగా. ఆ వాటా పంచేటప్పుడు మస్టర్లే కీలకం. దసరా ముందర ఏ ఇంట్లో ఎంత పడుతుందో తేల్చే అంకె అది. దానికి టైప్ ఎంచుకునేటప్పుడు మనం ఒక్క బైటు మిగుల్చుకోవాలని చూస్తాం.

రెండోది ఇంటిజర్. మైనస్ 32,768 నుంచి 32,767 దాకా. పేరు వింటే పూర్ణాంకాలన్నిటికీ ఇదే సరైందని అనిపిస్తుంది, అదే దీని మోసం. సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకి పైగా ఉద్యోగులుండేవాళ్ళు. ఇప్పుడు తగ్గీ తగ్గీ నలభై వేల దగ్గరికి వచ్చారు. ఇంత తగ్గినా ఆ సంఖ్య ఇంటిజర్‌లో పట్టదు.

దీనికన్నా మంచి ఉదాహరణ కాంటా చీటీ. లారీ మొత్తం బరువు కిలోల్లో రాసే గడి, ఇంటిజర్ పెట్టారనుకోండి. 32,767 కిలోలు, అంటే దాదాపు 32.7 టన్నులు పడుతుంది. నాలుగు యాక్సిళ్ళ లారీకి చట్టం ఒప్పుకున్న మొత్తం బరువు చాలా ఏళ్ళపాటు 31 టన్నులే. పట్టింది, సంతోషం. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ లోడు పరిమితులు పెంచింది. అదే లారీ మొత్తం బరువు 33 టన్నులు దాటొచ్చు అయింది. లారీ మారలేదు, డ్రైవర్ మారలేదు, రోడ్డు మారలేదు. ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ మారింది, గోదావరిఖనిలో ఒక గడి చాలకుండా పోయింది. ఇవాళ చట్టం ఎంత ఒప్పుకుంటోందో చూసి టైప్ పెట్టకూడదు. రేపు చట్టం మారినా పట్టాలి.

ఇది మన ఊరి చిన్న గొడవ అనుకుంటే, 1996 జూన్ 4 గుర్తు చేసుకోండి. యూరప్ వాళ్ళ ఏరియన్-5 రాకెట్టు మొదటి ప్రయోగంలోనే, ఎగిరిన నిమిషంలోపే పేలిపోయింది. 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యని 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోయారు, పట్టలేదు. ఆ కోడ్ ఏరియన్-4 నుంచి తెచ్చింది. పాత రాకెట్టుకి ఆ చోటు చాలింది. కొత్తది వేరే దారిలో, ఎక్కువ వేగంతో వెళ్ళింది. 31 టన్నుల లారీకి చాలిన గడి కొత్త లారీకి చాలకపోవడం ఇలాంటిదే. అక్కడ రాకెట్టు కాబట్టి లోకమంతా చూసింది. ఇక్కడ లారీ కాబట్టి ఓనరూ గుమస్తా తిట్టుకుని ఊరుకుంటారు.

ఇంటిజర్‌కి ఇంకో తద్దినం కూడా ఉంది. వీబీఏ కోడ్‌లో 24 * 3600 అని రాసి చూడండి. 86,400 రావాలి కదా, ఓవర్‌ఫ్లో అని ఎర్రర్ వస్తుంది. జవాబు దాచే వేరియబుల్‌ని లాంగ్ అని చెప్పినా వస్తుంది. ఎందుకంటే 24 ఇంటిజరే, 3600 ఇంటిజరే, గుణకారం కూడా ఇంటిజర్‌లోనే జరుగుతుంది. షిఫ్టు గంటలని సెకన్లలోకి మార్చే ప్రతి కోడ్‌లోనూ ఈ గుంత ఉంటుంది.

మూడోది లాంగ్ ఇంటిజర్. 2,14,74,83,647 దాకా పడుతుంది, అంటే 214 కోట్ల పైన. ఎంచేవాటికి నేను కళ్ళు మూసుకుని ఒప్పుకునేది దీన్నే. మస్టర్లకి, మనుషుల సంఖ్యకి, కిలోల్లో లారీ బరువుకి దీన్ని పెట్టండి. మూడు బైట్లు ఎక్కువైతే హార్డ్ డిస్క్ ఏడవదు. అలాగని దీనికీ హద్దు లేకపోలేదు. ఆ 796 కోట్లు రూపాయల్లో రాస్తే లాంగ్‌కి మూడున్నర రెట్ల పైనే. పైసల్లో రాసుకుంటానంటే రెండు కోట్ల పధ్నాలుగు లక్షల రూపాయల దగ్గరే ఆగిపోతుంది. 2023-24లో సింగరేణి తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు, అది లాంగ్‌లో హాయిగా పడుతుంది. అదే కిలోల్లో కూడబోతే పట్టదు.

లాంగ్‌తో అసలు ప్రమాదం పెద్ద సంఖ్యల్లో లేదు, చిల్లరలో ఉంది. యాక్సెస్‌లో నంబర్ అని ఎంచుకోగానే తనంతట తాను వచ్చేది ఇదే. దీంట్లో దశాంశాలు పట్టవు. రోజు కూలి 731 రూపాయల 35 పైసలు అనుకుందాం. గడిలో 731 అని పడుతుంది. డెసిమల్ ప్లేసెస్ దగ్గర 2 అని పెట్టాను కదా అంటారా? అది చూపించడానికి మాత్రమే. 731.00 అని ముద్దుగా చూపిస్తుంది. మనిషికి 26 మస్టర్లంటే నెలకి 9 రూపాయల 10 పైసలు పోయాయి. 400 మంది ఉన్న కాంట్రాక్టులో నెలకి 3,640. ఏడాదికి 43,680. ఎవడూ దొంగతనం చెయ్యలేదు, ఎవడి జేబులోకీ పోయిందని చెప్పలేం. డీఫాల్ట్ మింగింది. డీఫాల్ట్ అంటే ఎక్కడో అమెరికాలో, ఈ కూలి సంగతి తెలియని మనిషి మన తరఫున తీసుకున్న నిర్ణయం. దాన్ని మనం మార్చకపోతే ఆ నిర్ణయం మనదే.

నాలుగోది సింగిల్. దీన్ని మర్చిపోండి అని ఒక్క మాటలో చెప్పొచ్చు, కానీ ఎందుకో చెప్పకుండా చెబితే డబుల్ బాపతు వాళ్ళకీ నాకూ తేడా ఉండదు. సింగిల్‌కి ఏడు అంకెల దాకానే నమ్మకం. 1,67,77,216 దాటాక పూర్ణాంకాలు కూడా వరసగా ఉండవు, మధ్యలో ఖాళీలు పడతాయి. 7 కోట్ల దగ్గరికొచ్చేసరికి ఎనిమిదేసి దాటుకుంటూ పోతుంది. 7,00,20,000 టన్నుల మొత్తం సింగిల్‌లో దాచి, దానికి ఒక్క టన్ను కలపండి. అదే 7,00,20,000. మళ్ళీ ఒక టన్ను కలపండి. అదే. టన్ను పట్టే టబ్బులు వెయ్యి పైకొచ్చినా, ఒక్కొక్కటే కలిపితే మొత్తం ఇసుమంత కదలదు. కింద కార్మికుడు నింపుతూనే ఉంటాడు, పైన లెక్క నిద్రపోతూ ఉంటుంది.

ఇక అందరి ఆరాధ్య దైవం డబుల్. పదిహేను అంకెల నమ్మకం, ఎనిమిది బైట్లు, పెద్దదీ పడుతుంది, చిన్నదీ పడుతుంది. కొలిచేవాటికి ఇది మంచి టైపే, నేను కాదనను. కాంటా అన్నదే కాస్త అటూ ఇటూ చూపిస్తుంది. ల్యాబ్‌లో తేమ శాతం అన్నా, బూడిద శాతం అన్నా పదిహేను అంకెల ఖచ్చితత్వం లోకంలో ఏ పరికరానికీ లేదు. డబుల్‌లో వచ్చే తప్పు కొలతలో ఉండే తప్పు కన్నా ఎన్నో రెట్లు చిన్నది. కొలిచేదానికి డబుల్ పెట్టండి, దండం పెడతా.

డబ్బు మాత్రం కొలిచేది కాదు. ఎంచేది. పైసల్లో ఎంచేది. 731.35 దాదాపుగా అనేది లేదు. డబుల్ సంఖ్యలని రెండో ఆధారంలో దాస్తుంది కాబట్టి 0.1 లాంటి మామూలు సంఖ్య కూడా దాంట్లో ఖచ్చితంగా పట్టదు. పది సార్లు 0.1 కూడితే 1 రాదు, దానికి వెంట్రుకవాసి తక్కువ వస్తుంది. ఇక్కడ డబుల్ భక్తులు వెంటనే లేస్తారు. ఆ తేడా పైసలో కోటివంతు కూడా ఉండదు, దాని గురించి ఇంత రాద్ధాంతమా అని. న్యాయంగా ఒప్పుకుంటాను, ఆ తేడా వల్ల నేరుగా ఎవడికీ పైసా పోదు. పోయేది పోల్చినప్పుడూ, రౌండ్ చేసినప్పుడూ.

ఒక లెక్క చూడండి. డబుల్‌లో 1.005ని 100తో గుణించండి. తెర మీద 100.5 అని వస్తుంది. లోపల ఉన్నది 100.49999999999999. దానికి అర కలిపి పూర్ణాంకం తియ్యండి, మనవాళ్ళు రౌండ్ చేసే నాటు పద్ధతి అదే కదా. 101 రావాలి, 100 వస్తుంది. ఒక పైసా. తెర మీద ఉన్నది చూసి చేత్తో లెక్క కట్టిన గుమస్తాకి 101 వస్తుంది, కంప్యూటర్‌కి 100. గుమస్తా తప్పంటారు. అతని లెక్క కరెక్టు.

పోల్చడం ఇంకా ఘోరం. బట్వాడా మొత్తం, చెక్కు మొత్తం తేడా సున్నా కాని వరసలు చూపించమని క్వెరీ రాస్తారు. సరిపోయిన వరసలు కూడా వచ్చి కూర్చుంటాయి, తేడా దగ్గర 2.27373675443232E-13 అని. ఇది చూసిన అకౌంటెంటు ఏం చేస్తాడు? మొదటి నెల కంగారు పడతాడు. రెండో నెల ఎవరినో అడుగుతాడు. మూడో నెల నుంచి ఆ రిపోర్టు చూడటం మానేస్తాడు. ఆ తర్వాత నిజంగా తేడా వచ్చినా చూసేవాడు ఉండడు. డబుల్ చేసే అసలు నష్టం ఇది. పైసా కాదు, లెక్క మీద నమ్మకం పోతుంది.

చిన్న తేడాలు పోగుపడితే ఏమవుతుందో వాంకూవర్ స్టాక్ ఎక్స్చేంజిని అడగండి. 1982 జనవరిలో వాళ్ళ సూచీ 1000 దగ్గర మొదలైంది. ప్రతి లావాదేవీకీ సూచీని మళ్ళీ కట్టి, మూడు దశాంశాల తర్వాత ఉన్నది రౌండ్ చెయ్యకుండా కోసేసేవాళ్ళు. 1983 నవంబర్ నాటికి సూచీ 524.811కి దిగజారింది. సరిగ్గా కడితే 1098.892. మార్కెట్ పెరుగుతుంటే సూచీ సగానికి పడింది. ఇది డబుల్ తప్పు కూడా కాదు, కత్తిరించే అలవాటు తప్పు. ఆ 35 పైసలు కత్తిరించిన లాంగ్ గడికి ఇది అన్నలాంటిది.

కొలిచేదాంట్లో కూడా ఒక చోట జాగ్రత్త కావాలి. 2012 జనవరి నుంచి మన దేశంలో బొగ్గు గ్రేడుని దాని వేడి విలువని బట్టి జీ-1 నుంచి జీ-17 దాకా నిర్ణయిస్తున్నారు. కిలోకి 4,300 కిలో కేలరీలు మించి 4,600 దాకా ఉంటే జీ-10. 4,000 మించి 4,300 దాకా ఉంటే జీ-11. ధర గ్రేడుని బట్టి మారుతుంది. ఇప్పుడు శాంపిళ్ళ సగటు కాగితం మీద సరిగ్గా 4,300 వచ్చిందనుకోండి. జీ-11. అదే సగటు డబుల్‌లో 4300.000000000001 అని నిలిస్తే? తెర మీద 4300 అనే కనిపిస్తుంది, క్వెరీ మాత్రం 4300 మించింది అంటుంది. జీ-10. ఒక రేకు బొగ్గంటే దాదాపు నాలుగు వేల టన్నులు. గ్రేడు ఒక మెట్టు మారితే బిల్లు ఎంత మారుతుందో మీరే కట్టుకోండి. డబుల్ వద్దని నేనట్లేదు. హద్దుతో పోల్చేముందు మీ ఒప్పందం చెప్పిన చోటికి రౌండ్ చేసి, ఆ తర్వాత పోల్చండి అంటున్నాను. ఈ ఒక్క లైను రాయకపోవడం వల్ల అటు అమ్మేవాడో ఇటు కొనేవాడో ఎవరో ఒకరు మోసపోయాననుకుంటారు.

మరి డబ్బుకి ఏం పెట్టాలి? కరెన్సీ. పేరులోనే ఉంది, అయినా పెట్టరు. డాలర్ గుర్తు వస్తుందని భయం ఒకటి. గుర్తు అనేది ఫార్మాట్, దాన్ని స్టాండర్డ్ అనో ఫిక్స్‌డ్ అనో మార్చుకుంటే పోతుంది. లోపల కరెన్సీ చేసేది చాలా తెలివైన పని. సంఖ్యని పదివేలతో గుణించి పూర్ణాంకంగా దాస్తుంది. అంటే నాలుగు దశాంశాల దాకా ఒక్క పిసరు తేడా లేకుండా ఎంచుతుంది. చోటు డబుల్ అంతే, ఎనిమిది బైట్లు. హద్దు 9,22,33,720 కోట్ల రూపాయలు. 796 కోట్లు దీనికి పొద్దున్నే తాగే చాయ్ లాంటిది. టన్నుల్లో రాసి కిలో దాకా ఖచ్చితంగా ఉంచాలన్నా మూడు దశాంశాలు చాలు కాబట్టి కరెన్సీ పెట్టొచ్చు. డబ్బు కాని చోట కరెన్సీ పెడితే ఎవరూ పోలీసు కేసు పెట్టరు.

కరెన్సీకీ రెండు కిటుకులున్నాయి. నాలుగు దశాంశాలు దాటే రేట్లు, శాతాలు దీంట్లో పెట్టకండి, తెగిపోతాయి. రెండోది, వీబీఏలో కరెన్సీని కరెన్సీతో భాగిస్తే వచ్చేది డబుల్. నెల జీతాన్ని 26తో భాగించినా అంతే. మళ్ళీ సీకర్ ఫంక్షన్‌తో కరెన్సీలోకి తెచ్చుకోవాలి. ఇంకో సంగతి, వీబీఏలో రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం వచ్చినప్పుడు సరి సంఖ్య వైపు మొగ్గుతుంది. 2.5ని 2 చేస్తుంది, 3.5ని 4 చేస్తుంది. బ్యాంకుల పద్ధతి అంటారు. మీ ఒప్పందంలో సగం వస్తే పైకి అని ఉంటే, ఆ ఫంక్షన్ మీరే రాసుకోవాలి. కూలి ఎటు రౌండ్ చెయ్యాలో తేల్చేది ఒప్పందం. మైక్రోసాఫ్ట్ కాదు.

డెసిమల్ కూడా ఉంది కదా అంటారు. యాక్సెస్ 2000తో వచ్చింది, 28 అంకెల దాకా పడుతుంది. కానీ దాన్ని ఎంచుకోగానే స్కేల్ దగ్గర సున్నా ఉంటుంది. మార్చకపోతే మళ్ళీ పైసలు మాయం, లాంగ్ కథే. పైగా వీబీఏలో డెసిమల్ అని వేరియబుల్ ప్రకటించలేరు, వేరియంట్‌లో పెట్టుకుని తిప్పలు పడాలి. నాలుగు దశాంశాలు దాటే రేట్లు ఖచ్చితంగా కావాలంటే వాడండి, లేకపోతే వద్దు. 2019 నాటి యాక్సెస్‌లో లార్జ్ నంబర్ అని ఇంకోటి ఉంది. దాన్ని వాడితే ఆ ఫైలు పాత యాక్సెస్‌లో తెరుచుకోదు. కాంట్రాక్టర్ ఆఫీసులో ఏ వెర్షన్ ఉందో చూడకుండా వాడితే మీ ఇష్టం.

చివరిగా పిలిచేవి. ఎంప్లాయీ కోడ్, పీఎఫ్ నంబర్, బ్యాంకు ఖాతా, ఆధార్, సెల్ నంబర్. పేరులో నంబర్ ఉందని నంబర్ టైప్ పెట్టే అలవాటు మనవాళ్ళకి ఎప్పుడు పోతుందో! మన సెల్ నంబర్లు పది అంకెలు, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలవుతాయి. అంటే దేశంలో ఒక్క సెల్ నంబర్ కూడా లాంగ్‌లో పట్టదు. పట్టదని డబుల్ పెడతారు. ఎక్సెల్‌కి వెళ్ళి వచ్చేసరికి అది 9.84E+09 అయి కూర్చుంటుంది. ఖాతా నంబర్ ముందు సున్నా ఉంటే ఎగిరిపోతుంది. పదహారు అంకెలైతే చివరి అంకె మీద నమ్మకం ఉండదు. ఖాతా నంబర్‌లో ఒక అంకె మారిందంటే జీతం ఇంకొకరి ఖాతాలో పడుతుంది, లేదా వెనక్కొస్తుంది. ఆధార్‌ని ఎవరైనా కూడతారా? సెల్ నంబర్ల సగటు ఎవరైనా తీస్తారా? కూడనిదానికి నంబర్ టైప్ ఎందుకండీ? టెక్స్ట్ పెట్టండి. ఎన్ని అంకెలుండాలో వ్యాలిడేషన్ రూల్ రాయండి. అయిపోయింది.

ఇప్పుడు ఎదుటివాళ్ళ వాదన. "మెమరీ చవకైపోయిన కాలంలో ఈ బైట్ల పంచాంగం ఎందుకు?" అంటారు. నేనూ అదే అంటున్నాను. మెమరీ చవక కాబట్టే బైట్, ఇంటిజర్, సింగిల్ మానెయ్యమంటున్నాను. కానీ చవకైన మెమరీ డబుల్‌లో 731.35ని ఖచ్చితం చెయ్యదు. ఎంత చోటు అన్న ప్రశ్న పోయింది, ఏ రకం అన్న ప్రశ్న అలాగే ఉంది.

"తప్పొస్తే టెస్టింగ్‌లో దొరుకుతుంది కదా" అంటారు ఇంకొందరు. దొరకదు. టెస్టింగ్‌లో మీరు వేసే కూలి 500, మస్టర్లు 20, లారీ 10 టన్నులు. గుండ్రటి సంఖ్యలు ఏ టైప్‌లోనైనా పడతాయి. మీరు టెస్ట్ చెయ్యాల్సింది 256వ మస్టర్‌ని, 33 టన్నుల లారీని, 35 పైసలని, సరిగ్గా 4,300ని.

"చిన్న కాంట్రాక్టర్ ఆఫీసు, ఇంతోటి దానికి ఇంత ఆలోచించాలా?" అనేది మూడో వాదన. నాకు ఒళ్ళు మండేది దీనికే. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో పైసా తేడా వస్తే ఆడిటర్ ఉంటాడు, కస్టమర్ కేర్ ఉంటుంది, అంబుడ్స్‌మన్ ఉంటాడు. మనకి మన జీతంలో పది రూపాయలు తగ్గితే హెచ్ఆర్‌కి మెయిల్ కొడతాం, సాయంత్రానికి జవాబొస్తుంది. కాంట్రాక్టు కార్మికుడు ఎవరికి మెయిల్ కొడతాడు? యూనియన్ ఆఫీసుకి వెళ్ళాలంటే ఒక షిఫ్టు వదులుకోవాలి. తొమ్మిది రూపాయల కోసం రోజు కూలి పోగొట్టుకునేవాడు ఎవడుంటాడు? అందుకే అడగడు. అడగడు కాబట్టి తప్పు బయటపడదు. తప్పు బయటపడదు కాబట్టి ఫైలు బాగా పనిచేస్తోందని మనం అనుకుంటాం. ఎక్కడ తప్పు పట్టుకునే మనుషులు తక్కువో అక్కడే టైప్ ఎక్కువ జాగ్రత్తగా ఎంచుకోవాలి. మనం సరిగ్గా తలకిందులుగా చేస్తున్నాం.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. మీ ఊళ్ళో మీ వాళ్ళకి ఎప్పుడైనా ఫైలు చేసిపెట్టి ఉంటే, ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు దాన్ని ఒకసారి డిజైన్ వ్యూలో తెరవండి. ముందు ఒక కాపీ తీసుకోండి. ఎంచేవన్నీ లాంగ్ చెయ్యండి, డబ్బంతా కరెన్సీ చెయ్యండి, కొలిచేవి డబుల్‌లో ఉంచండి, పిలిచేవన్నీ టెక్స్ట్ చెయ్యండి. సెట్‌వార్నింగ్స్ ఫాల్స్ ఎక్కడ కనిపించినా తీసెయ్యండి. ఒక్క జాగ్రత్త. లాంగ్‌ని కరెన్సీ చేసినంత మాత్రాన పోయిన 35 పైసలు వెనక్కి రావు, నంబర్‌ని టెక్స్ట్ చేసినంత మాత్రాన ఎగిరిపోయిన సున్నా తిరిగిరాదు. అవి పాత మస్టర్ రోల్ చూసి, పాస్‌బుక్కు చూసి చేత్తో ఎక్కించాల్సిందే.

కొత్త ఫైలు చేస్తుంటే మాత్రం టేబుల్ తెరవకముందు పది నిమిషాలు మస్టర్లు రాసే గుమస్తా పక్కన కూర్చోండి. ఇది ఎక్కువలో ఎక్కువ ఎంత రావచ్చు, పైసలు ఉంటాయా, ముందు సున్నాలు ఉంటాయా, సగం వస్తే ఎటు వేస్తారు అని అడగండి. ఆ నాలుగు ప్రశ్నలకి జవాబు ఏ మాన్యువల్‌లోనూ ఉండదు, అతని దగ్గరే ఉంటుంది. బాయిలోకి దిగేవాడు ప్రతి షిఫ్టూ పై కప్పు తట్టి చూసి గానీ కిందకి వెళ్ళడు. మన పనిలో ప్రాణం పోయేదేమీ లేదు. కనీసం అంకెలనైనా ఒకసారి తట్టి చూడలేమా?